మంచినీటి తొట్టిని సముద్రముగా మార్చవలెనా?

మా పాఠశాలయందలి విజ్ఞానశాస్త్రపు గదిలో, కిటికీ ప్రక్కను, మంచినీటి చేపలతొట్టి యొకటి కొన్ని యేండ్లుగా నున్నదను సంగతి చదువరులకు దెలిసినదే. దానిని తీసివేసి, యా స్థానమున పగడములతోను రంగురంగుల సముద్రపు చేపలతోను నిండిన యుప్పునీటి తొట్టి నొకదానిని నెలకొల్పవలెనని పూర్వవిద్యార్థి యొకరు సదుద్దేశముతో సూచించియున్నారు. తొట్టికిని, దీపములకును, యంత్రములకును అగు వ్యయమంతయు తామే భరింతుమనియు వ్రాసిరి. పాఠశాల సంఘమువారు రానున్న సమావేశమున దీనిని ఆలోచింపనున్నారు. పిల్లలలో నెక్కువమంది యిప్పటికే దీని పక్షమున నున్నారు. ఉపాధ్యాయులలో గొందరును ఉన్నారు. మేము మాత్రము దీనికి విముఖులము. ఉదారముగా నిచ్చుదానిని వలదనుట మర్యాద గాదని తోచవచ్చును గనుక, మా కారణములను దాచక యిచ్చట వ్రాయుచున్నాము.

పగడపు తొట్టి యందముగా నుండదని మే మనుటలేదు. నీలిదీపము క్రింద మెల్లగా నూగు పగడములను, వానినడుమ నారింజరంగు చేపల జంట దోబూచులాడుటను జూచి కన్ను త్రిప్పుకొనలేకపోవుట మాకును అనుభవమే. తమ యిండ్లలో పది పదునైదేండ్లు అట్టి తొట్టిని చెడకుండ కాపాడుకొని వచ్చినవారి యోర్పునకు నమస్కరింతుము. అయితే మంచినీటి తొట్టి క్రింది తరగతి యనియు, ఉప్పునీటి తొట్టి పై తరగతి యనియు, ఇందు ఉత్తీర్ణుడైనవాడు అందు ప్రవేశింపవచ్చుననియు నొక భావము వ్యాపించియున్నది. ఈ భావమే సరికాదని మా తలంపు. కుమ్మరిపనియు కమ్మరిపనియు రెండింటికిని నిప్పు కావలసినను అవి వేర్వేరు వృత్తు లైనట్లే, ఈ రెండు తొట్లకును నీరు కావలసినను పని వేరు. మొదటిదానియందు మనము చేపలను పెంచుదుము. రెండవదానియందు ముందుగా నీటినే పెంచవలెను. ఆ నీరు నిలుకడగా నున్న పిమ్మట చేపలును పగడములును అందు నివసించును.

ఈ భేదము చేప యొడలినుండియే మొదలగును. మంచినీటి చేప రక్తములోని యుప్పు చుట్టునున్న నీటిలోని యుప్పుకంటె నెక్కువ. కావున నీరు మొప్పలద్వారా దాని యొడలిలోనికి ఎడతెగక చొరబడుచుండును. ఆ చేప నీరు త్రాగదనియే చెప్పవచ్చును. చొరబడిన నీటిని పలుచని మూత్రముగా విస్తారముగా విసర్జించి తన్ను కాపాడుకొనును. సముద్రపు చేప స్థితి యిందుకు తలక్రిందులు. సముద్రజలములో కిలోకు దాదాపు 35 గ్రాముల లవణములు గలవు. చేప రక్తములో నందు మూడవవంతు మాత్రమే. నీటినడుమ నుండియు నది యెండిపోవుచుండు ప్రాణి. అందువలన నుప్పునీటినే త్రాగి, మిగులు నుప్పును మొప్పలయందలి ప్రత్యేక కణములద్వారా వెలికి నెట్టుచుండును. ద్రవాభిసరణమును బోధించుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మాకు దొరకలేదు. ఆ పాఠము జరుగుచుండగా, "అయ్యగారూ, మన మాలీలు ఉప్పునీటిలో బ్రదుకవా?" అని యొక బాలిక యడిగినది. బ్రదుకగలవు. మాలీ జాతి నదీముఖములకు అలవాటుపడినది. దినదినమును కొద్దికొద్దిగా నుప్పు హెచ్చించినచో సముద్రజలమున గూడ నుండగలదు. కాని గోల్డుఫిష్షును గాని మన కాలువలలోని పరిగెపిల్లను గాని యట్లు చేసిన నది నిలువదు. ఆ ప్రశ్న యడిగిన పిల్లను మేము మెచ్చుకొంటిమి. పగడపు తొట్టిని గోరువారు పెక్కుమంది యాపాటి ప్రశ్నయైన వేసికొనలేదు.

తొట్టి మార్చుట యనగా పాతనీరు పారబోసి యుప్పునీరు పోయుటయని తలచువారు గలరు. పాతవానిలో నీ మార్పునకు పనికివచ్చునది మిక్కిలి తక్కువ. మంచినీటి మొక్కలు చచ్చును. వడపోత స్పాంజిలో చేరి మలినమును శుద్ధిచేయు సూక్ష్మజీవులలో పెక్కు ఉప్పునకు తాళజాలవు. గాజుతొట్టి సైతము అనుమానింపదగినదే. వెనుకటి యేండ్లలో చేపల తెల్లమచ్చల వ్యాధికి రాగి కలిసిన మందు వేసియున్నచో, ఆ రాగి గులకరాళ్లలోను అతుకుల జిగురులోను ఇంకి పిమ్మట కొద్దికొద్దిగా నీటిలోనికి దిగవచ్చునని అనుభవజ్ఞులు హెచ్చరింతురు. చేప యోర్చుకొనగల రాగి మోతాదు కూడ రొయ్యకు, నత్తకు, పగడమునకు ప్రాణాంతకము.

ఇక మలినముల సంగతి. చేప విసర్జించు అమ్మోనియాను ఒక తెగ సూక్ష్మజీవులు నైట్రైటుగాను, మరియొక తెగవి దానిని నైట్రేటుగాను మార్చును. ఈ నత్రజనిచక్రము క్రొత్త తొట్టిలో నెలకొనుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఇంతవరకు రెండు నీళ్లకును న్యాయ మొక్కటే. కాని అమ్మోనియా యెంత విషమగునో నీటి పి.హెచ్. నిర్ణయించును. పి.హెచ్. 7 గల మంచినీటిలో, 25 డిగ్రీల వేడిమియొద్ద, అమ్మోనియాలో నూటికి ఒకపాలైనను విషరూపమున నుండదు, సముద్రజలపు పి.హెచ్. 8.2 నొద్ద నా పాలు పదిరెట్లు మించును. ప్రాణవాయువో, అటు తగ్గును. అదే వేడిమిలో లీటరు మంచినీరు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజనును పట్టియుంచగా, సముద్రజలము 7 మిల్లీగ్రాములకు లోపుగనే పట్టియుంచును. విష మెక్కువ, ఊపిరి తక్కువ. మా తొట్టిలో నొక సోమవారము చిన్నపిల్లలు ముద్దుకొలది మేత కుమ్మరించినచో నీరు మసకబారి, కొంత నీరు మార్చగా గురువారమునకు తేరుకొనును. పగడపు తొట్టికి అంతటి క్షమ లేదు.

సముద్రము దగ్గరనే యున్నదిగదా, బిందెలతో తెచ్చి పోయరాదా యని సంఘసభ్యు లొకరు అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. అయితే ఓడరేవును, కర్మాగారములును, పట్టణపు మురుగుకాలువలును గల తీరమున నొడ్డునీరు నమ్మదగినది గాదు. వానకాలమున గెడ్డలనీరు కలిసి దాని యుప్పు తగ్గుచుండును గూడ. అందుచేత పెంపకపువారు లవణములన్నియు తగుపాళ్లలో సమకూర్చిన కృత్రిమ సముద్రలవణమును కొని, ఆర్.ఓ. యంత్రముతో శుద్ధిచేసిన నీటిలో గలుపుకొందురు. 200 లీటర్ల తొట్టికి 7 కిలోల లవణము కావలెను. వారమునకు పదవవంతు నీరు మార్చువారికి వారమునకు 700 గ్రాములు, ఏడాదికి 36 కిలోలకు పైబడి పట్టును. ఆర్.ఓ. యంత్రము ఒక లీటరు మంచినీటిని ఇచ్చుటకు అంతకు రెండు మూడింతలు నీటిని పారబోయును. మే నెలలో బడి కుళాయియొద్ద బిందెల వరుస జూచినవారికి ఈ లెక్క వేరుగా జెప్ప నక్కరలేదు.

ఖర్చు దాత భరించునుగదా యందురు. భరించుగాక. దాత భరింపజాలనిది యొకటి గలదు. అది ప్రతిదినపు శ్రద్ధ. తొట్టినీరు ఆవిరియగునపుడు నీరు పోవునుగాని యుప్పు పోదు. వేసవిలో 200 లీటర్ల తొట్టినుండి దినమునకు రెండు మూడు లీటర్లు ఆవిరియగుట సాధారణము. ఆ లోటును ఉప్పులేని శుద్ధజలముతో ప్రతిదినము పూరింపవలెను. ఏప్రిలు చివర మూతపడిన మా బడి జూను రెండవవారమున గాని తెరువబడదు. దినమునకు రెండు లీటర్ల చొప్పున 48 దినములకు లెక్కవేయుడు: 96 లీటర్లు, అనగా తొట్టిలో దాదాపు సగము. మిగిలిన నీటిలో నుప్పు రెట్టింపగును. అంతకు చాల ముందే యందలి ప్రాణులన్నియు నశించియుండును. మంచినీటి తొట్టికి సెలవులలో బడి వాచ్‌మన్ రెండుదినముల కొకమారు నీరు పోసి, చిటికెడు మేత వేసినచో చాలుచున్నది. నీటిని తానుగా నింపు యంత్రములు గలవనియు వినుచున్నాము. గలవు, అవియు విద్యుత్తుతోడనే పనిచేయును.

పగడమునుగూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. పగడము మొక్కగాదు, రాయిగాదు, జంతువు. వేలకొలది చిన్నప్రాణులు కలిసి సున్నపుటిల్లు గట్టుకొని యొకచోట నివసించును. వాని కండలో సూక్ష్మమైన శైవలములు కాపురముండి, వెలుతురులో నాహారము వండి యింటివారికి బంచిపెట్టును. అందుచేతనే యా తొట్టికి బలమైన దీపములు కావలసివచ్చినవి. ఇల్లు గట్టుటకు నీటిలో కాల్షియము లీటరుకు 400 మిల్లీగ్రాములకు తగ్గకుండ నుండవలెను. పెరుగు పగడములు దానిని, దానితోపాటు నీటి క్షారతను ప్రతిదినము పీల్చివేయుచుండగా, మనము కొలిచి కొలిచి మరల పోయుచుండవలెను. అన్నిటికంటె కష్టమైనది వేడిమి. తొట్టినీరు 24 మొదలు 27 డిగ్రీలవరకు నుండుట మేలు. తాను అలవాటుపడిన చోటి వేసవి గరిష్ఠముకంటె నొక డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినను పగడము తనలోని శైవలములను వెడలగొట్టి తెల్లబారును. విశాలసముద్రములందే యిట్లు 1998లోను, 2010లోను, 2014 మొదలు 2017 వరకును జరిగెను. నాలుగవమారు భూగోళమంతటను పగడములు తెల్లబారుచున్నవని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ యేటనే మన లక్షద్వీపముల పగడములకును ఈ దెబ్బ తగిలినది. రేకుల వసారా నానుకొనియున్న మా విజ్ఞానశాస్త్రపు గదిలో మే మధ్యాహ్నపు వేడిమిని మహాసముద్రముకంటె చల్లగా నుంచగల మని తలచువారు ఆ గదిలో నొక మధ్యాహ్నము పాఠము చెప్పి చూడవలెను.

ఈ వేడుకకు చరిత్రయు గలదు. 1846లో అన్నా థిన్ అను నాంగ్ల స్త్రీ, వెస్ట్‌మినిస్టరు దేవాలయమున ఉద్యోగియైన గురువుగారి భార్య, టార్కీ తీరమున దొరకిన రాతిపగడములను జాడీలోనుంచి లండను నగరమునకు గొనివచ్చి బ్రదికించెను. నీటికి గాలి తగులుటకై ఇంటి పనికత్తె దినమునకు అరగంటకు పైగా తెరచిన కిటికీ యెదుట నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పోయుచుండెడిది. ఈ కథ చదివినపుడెల్ల మా మనస్సు ఆ పనికత్తెమీదికే పోవును. నేడు ఆమె చేయిపని మోటారు చేయుచున్నది. కాని పగడపు తొట్టి యున్న ప్రతి యింటను ఎవరో యొకరు ఆమె స్థానమున నిలువవలసినదే. మా బడిలో నా స్థాన మెవరిది? ఈ ప్రశ్నకు సూచనపత్రమున నుత్తరము గానరాలేదు.

తరువాతి ఘట్ట మింతకంటె దుఃఖకరము. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు, మిక్కిలి భక్తుడు, వేదపారాయణపరుడు, 1854లో ప్రకటించిన 'ది అక్వేరియం' అను గ్రంథమువలన సముద్రపు తొట్టి యింగ్లండునందు ఇంటింటి వేడుక యయ్యెను. దేవుని సృష్టిని జనులు కన్నులార జూచి గౌరవింపవలెనని యాయన కోరిక. జనులు చూచిరి; చూచి, బుట్టలతోను ఉలులతోను తీరమునకు బోయి, రాళ్లగుంటలలోని సముద్రపుష్పములను పెకలించుకొనిపోయిరి. తరతరములుగా చెక్కుచెదరక యున్న గుంటలు కొన్నియేండ్లలో బోసిపోయెను. ఆయన కుమారుడు ఎడ్మండు గాస్ 1907లో ప్రకటించిన 'ఫాదర్ అండ్ సన్' అను గ్రంథములో ఈ వినాశమును, తన గ్రంథములే యిందుకు కారణమాయెనని తండ్రి పడిన పరితాపమును వర్ణించినాడు. సదుద్దేశమునకు లోటేమియు లేదు. మా పూర్వవిద్యార్థి గారి సదుద్దేశమునకును లేదు. అందుచేతనే యీ కథను వారికి జ్ఞాపకము చేయుచున్నాము.

ఇంచుమించు నూరేండ్లకు పిమ్మట, 1961లో, ఇండొనేషియావాసి లీ చిన్ ఎంగ్ అనునాయన, పగడపు దిబ్బనుండి తెచ్చిన రాళ్లను తొట్టిలో నుంచి, గాలిబుడగలు మాత్రము పంపుచు సముద్రపు చేపలను చక్కగా బెంచుచున్నట్లు ఒక పత్రికలో వ్రాసెను. ఆ రాళ్లలోని సూక్ష్మజీవులే నీటిని శుద్ధిచేయుచుండెను. నేటి పగడపు తొట్లన్నియు ఏదోవిధమున ఆయన మార్గమును అనుసరించునవే. అయితే ఆ 'బ్రదుకురాయి' యననేమి? పగడపు దిబ్బ ముక్కయే. ఇచ్చట మనదేశపు చట్టము అడ్డువచ్చును.

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నాటిది. 2001లో నీ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు గట్టు రాతిపగడములన్నియు, నల్లపగడములు, అగ్నిపగడములు, సముద్రపు విసనకఱ్ఱలు, సముద్రగుఱ్ఱములును జేర్పబడెను. అనగా పులికిని ఏనుగుకును ఏ రక్షణయో వీనికిని అదియే. 2022లో చట్టము సవరింపబడిన పిమ్మటను పగడములకు రక్షణ తొలగలేదు. వీనిని తీరమునుండి పెకలించుటయు, అమ్ముటయు నేరము, కారాగారశిక్షకు పాత్రము. దుకాణములలో చాటుగా దొరకుచున్నవిగదా యనిన, దొరకుట వేరు, చెల్లుట వేరు. పౌరశాస్త్రపు పాఠము ప్రక్కగదిలో జెప్పుచు ఈ గదిలో నట్టి వస్తువును అద్దమునందు నిలుపుట మా పాఠశాలకు తగదు. ఇట్టి చట్టమేల వచ్చెనని యడుగువారు మన్నారు సింధుశాఖ వైపు చూడవలెను. అచ్చటి 21 దీవులును వాని చుట్టునున్న పగడపు దిబ్బలును 1986లో సముద్ర జాతీయవనముగా ప్రకటింపబడెను. అంతకు పూర్వము సున్నముకొరకును, కట్టడములకొరకును దశాబ్దములతరబడి పగడములను త్రవ్విరి. అలలకు అడ్డుగోడ పోగా దీవులు కోసికొనిపోయి, వానిలో రెండు నీట మునిగిపోయెను.

చేపల సంగతియు నిట్టిదే. మంచినీటి తొట్లకై యమ్ము చేపలలో నూటికి తొంబదికి పైగా చెఱువులలోను తొట్లలోను పుట్టించినవి. మన పొరుగుననున్న చెన్నైనగరపు కొళత్తూరు ప్రాంతము ఈ పరిశ్రమకు ప్రసిద్ధి. సముద్రపు చేపలలో నీ లెక్క తారుమారగును. తొంబదికి పైగా జాతులు దిబ్బలమీద పట్టబడినవే. ఫిలిప్పీనుల తీరములందు 1960 ప్రాంతములనుండి సయనైడు విషమును చల్లి చేపలను స్పృహదప్పించి పట్టు దురాచార ముండెను. ఇండొనేషియాలోని బంగాయి దీవులయందు మాత్రమే పుట్టు నొక చిన్న గీతలచేప, తొట్ల వ్యాపారమువలన తగ్గిపోయి, 2007లో నపాయస్థితిలోనున్న జాతిగా లెక్కింపబడెను. ఒక మంచిమాటయు జెప్పవలెను. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు నారింజరంగు క్లౌను చేపలను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు విధానమును సాధించిరి. ఆ చేపలలో ముందుగా అన్నియు మగవియే. గుంపులో పెద్దది ఆడుదిగా మారును. అట్లు తొట్టిలో పుట్టిన చేపలనే కొనువారియందు మాకు ఆక్షేపణ లేదు.

విద్యుత్తునుగూర్చి క్లుప్తముగా: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును దాకినపుడు పెక్కువీధులకు దినములతరబడి దీపము లేకపోయెను. పగడపు తొట్టిలో నీటి కదలిక కొన్నిగంటలు ఆగినచో ప్రాణములు పోవ మొదలిడును. తుపానులు మనకు క్రొత్తవి గావు.

ఇవన్నియు ధనముతోను యంత్రములతోను కొంతవరకు తీరునవియే. తీరనిది వేరొకటి గలదు. మా విముఖతకు ముఖ్యకారణ మదియే. ఇప్పటి మంచినీటి తొట్టి పిల్లలది. శనివారము మధ్యాహ్నము ఎనిమిదవ తరగతివారు నలుగురు చేతులు మోచేతివరకు ముంచి గాజునకు పట్టిన పాచిని గీకుదురు. ఒకరు గొట్టముతో అడుగు మడ్డిని లాగుదురు. నోటిలోనికి నీరు వచ్చినచో మిగిలినవారు నవ్వుదురు. ఒకరు పుస్తకమున వేడిమియు, చచ్చినచేపల లెక్కయు, గప్పీ పిల్లల లెక్కయు వ్రాయుదురు. తెల్లవారుజామున చేపలేల నీటిపైకి వచ్చి నోళ్లు తెరచునని యొక బోర్డింగు పిల్లవాడు కనిపెట్టి యడుగగా, మొక్కలు రాత్రివేళ ప్రాణవాయువును వాడుకొనునను పాఠము ఆ దినమున పుస్తకము తెరువకయే జరిగెను. నల్లతోక గప్పీకిని పసుపుతోక గప్పీకిని పుట్టిన పిల్లలను వేరుచేసి లెక్కించినవారికి మెండెలు సూత్రములు భయము గొలుపలేదు. వానకాలమున గట్టుతెగిన కాలువలోనుండి యెవరో యొక బొమ్మిడాయిని తెచ్చి తొట్టిలో వేయగా, అది రాత్రికి రాత్రి మూతసందున దూరి నేలపై ప్రాకుచు దొరికినది. ఈ తొట్టిలో తప్పు జరుగవచ్చును, జరిగి, దిద్దుకొనవచ్చును. ఇరువది రూపాయల చేపతో నేర్వదగినది చాల నున్నది.

పగడపు తొట్టి వచ్చిన దినమున దానిపై "చేతులు పెట్టరాదు" అను పలక వ్రేలాడును. వ్రేలాడవలెను గూడ, సబ్బు అంటిన యొక చేయి చాలును పగడము చెడుటకు. పక్షమున కొకమారు పట్టణమునుండి జీతగాడు వచ్చి కొలిచి, పోసి, తుడిచి పోవును. పిల్లలు అద్దమునకు ముక్కు లానించి చూతురు. వారము దినములు చూచిన పిమ్మట చూచుట మానుదురు. వరండాలోని పటములను వారెంతగా చూచుచున్నారో మనకు దెలియును.

పగడపు దిబ్బను ఎన్నడును చూడని పిల్లవాడు దాని నాశమునకేల చింతించునని మా సహోపాధ్యాయు లొకరు వాదించిరి. ఈ వాదమునందు బలము గలదు. కాని చూపుటకు తొట్టియే మార్గమా? భీమునిపట్టణపు దారిలో రాళ్లతీరము గలదు. పోటు తీసిన వేళ ఆ రాళ్లగుంటలలో ముడుచుకొను సముద్రపుష్పములు, అద్దెయింటిని వీపున మోయు సన్యాసిపీతలు, రాతినంటిన బార్నకిల్సు, గుల్లలు, పచ్చని పాచి ఉచితముగా గానవచ్చును. అమావాస్య పున్నములకు పోటు ఎక్కువగా తీయును. పంచాంగము చూచి పోవచ్చును. చూచి, తాకక, ఏదియు సంచిలో వేసికొనక తిరిగి వచ్చుట నేర్పినచో, గాస్ గారి పాఠకులు నేర్వనిదానిని మన పిల్లలు నేర్చినవా రగుదురు. దాతగారి సొమ్మును మే మెట్లు వినియోగింతుమని యడిగినచో, ఏడాదికి రెండుమారులు ఆ తీరమునకు బస్సు, మంచి సూక్ష్మదర్శినులు రెండు, మన కాలువ చేపలకై రెండవ మంచినీటి తొట్టి యొకటి యని చెప్పుదుము. వారు సమ్మతించినచో వారి పేరు ఆ సూక్ష్మదర్శినులపై చెక్కింపవచ్చును.

ఇంతచెప్పినను తమ యింటిలో మార్పు చేయగోరు పెద్దపిల్లలు కొందరుందురని మాకు దెలియును. వారికి మేము అడ్డుపడము. రాగి మందు తగులని క్రొత్త తొట్టి, కొలిమిలో గాల్చిన కృత్రిమపు రాళ్లు, చేపలు లేకయే ఆరు వారముల నిరీక్షణ, పిమ్మట తొట్టిలో పుట్టిన క్లౌను చేపల జంట యొకటి, పగడము లేదు. మొదటి యేడాది కిది చాలును. పాత మంచినీటి తొట్టిని ప్రక్కనే యుంచుకొనుట మేలు.

సమావేశమునకు ముందుగా మే మొక సూచన చేయుచున్నాము. పగడపు తొట్టిని గోరు విద్యార్థులు ఈ వేసవిలో 40 లీటర్లు పట్టు టబ్బు నొకదానిని విజ్ఞానశాస్త్రపు గదిలో నుంచి, కిలో నాలుగువందల గ్రాముల వంటయుప్పు కరగించి, హైడ్రోమీటరులో మొదటిదినపు గుర్తును వ్రాసికొనవలెను. అందు ప్రాణి యేదియు నుండదు గనుక వంటయుప్పే చాలును. ఆవిరియైనంత మంచినీరు పోయుచు, ఏప్రిలు చివరనుండి జూను రెండవవారము వరకు ఆ గుర్తు కదలకుండ నిలుపవలెను. ప్రతిదినము ఉదయము గుర్తును, మధ్యాహ్నము వేడిమిని నోటుపుస్తకమున వ్రాయవలెను. వంతులు తామే వేసికొనవచ్చును. తాళపుచెవి వాచ్‌మన్ యొద్ద నుండును. హైడ్రోమీటరును మా బీరువానుండి యిత్తుము.